ఉపగ్రహ డేటా ఇచ్చేవాళ్లనూ మన వైపు మిల్లులనూ కలపడం ఎలా? గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రిమోట్ సెన్సింగ్ చదివారు, గుణుపురంలో ఉంటున్నారు. ఒడిశాలో రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల్లోని కాగితం మిల్లు, పత్తి జిన్నింగ్ మిల్లులు, జీడి వ్యాపారులు, కాఫీ, రొయ్యల ఎగుమతిదారులకు ఉపగ్రహ సమాచారం అందించే పని పెట్టుకోవాలనుకుంటున్నారు. ఏ కంపెనీ డేటా కొనాలి, ఎవరిని కలవాలి, ఎంత అడగాలి, నాసా, ఇస్రో కలిసి పంపిన రాడార్ ఉపగ్రహం నైసార్ డేటా కోసం ఆగాలా అన్నవి మీ ప్రశ్నలు.

మొదటి ఏడాది డేటా కొనకండి. మన ప్రాంతంలో కొరత చిత్రాలకు లేదు. ఏ గట్టు లోపల ఏ పంట ఉంది, ఎప్పుడు వేశారు, ఎంత దిగుబడి వచ్చింది అన్న నమ్మదగిన లెక్క ఎవరి దగ్గరా లేదు. బెంగళూరులోనో విదేశంలోనో కూర్చున్న విశ్లేషణ కంపెనీకి దొరకనిది అదే. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడుతూ, సవర ఊళ్లోనూ కువి ఊళ్లోనూ ఒక తెలిసిన మనిషిని పట్టుకోగలిగిన వాడికే అది దొరుకుతుంది. మీ వ్యాపారం అక్కడుంది.

ఉచితంగా ఉన్నది ఏమిటో చూడండి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 నాలుగు ముఖ్యమైన బ్యాండ్లను (కాంతి రంగుల పట్టీలను) 10 మీటర్ల స్పష్టతతో, రెండు ఉపగ్రహాలతో కలిపి 5 రోజులకొకసారి ఇస్తుంది. సెంటినెల్-1 రాడార్, మబ్బుతో పని లేదు, ఒక్కో ఉపగ్రహం 12 రోజులకు అదే దారికి వస్తుంది. ల్యాండ్‌శాట్ 8, 9 కలిపి 8 రోజులకోసారి 30 మీటర్లు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరా స్పష్టత 5.8 మీటర్లు. 2023 భారత అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకంటే ముతక ప్రభుత్వ డేటా ఉచితంగా అందాలి. ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భూనిధి పోర్టల్‌లో వెతకండి. మ్యాపులు చేసే క్యూజీఐఎస్, రాడార్ చిత్రాలు సవరించే స్నాప్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. గూగుల్ ఎర్త్ ఇంజిన్ మాత్రం చదువుకు, పరిశోధనకే ఉచితం. మిల్లు దగ్గర డబ్బు తీసుకుంటే వాణిజ్య లైసెన్సు కావాలి. ఈ తేడా పట్టించుకోకుండా మొదలుపెట్టి, ఒప్పందం కుదిరాక మొత్తం పని వేరేచోటికి మార్చుకోవలసి రావడం మంచిది కాదు. మొదటి నుంచే సెంటినెల్ చిత్రాలిచ్చే యూరప్ పోర్టల్ కోపర్నికస్ డేటా స్పేస్ నుంచి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక 10 మీటర్లు అంటే మన చేలలో ఏమవుతుందో లెక్క కట్టండి. ఒక పిక్సెల్ 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఒడిశా రికార్డుల్లో సెంటునే డెసిమల్ అంటారు, కొలత ఒకటే. గుంట మాత్రం అలా కాదు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణ, మహారాష్ట్ర వైపు 40. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో భుజం సుమారు 64 మీటర్లు, అడ్డంగా 6 పిక్సెళ్లు. గట్టు మీద పడిన పిక్సెళ్లలో పక్క చేను కలిసిపోతుంది కాబట్టి వాటిని తీసేస్తే లోపల 16 మిగులుతాయి. అర ఎకరంలో 4. పాతిక సెంట్లలో ఒకటి మిగిలితే అదృష్టం. అందుకే కొండవాలు మీద పావు ఎకరం చోడి చెక్కకు విడిగా రిపోర్టు ఇస్తామని ఎవరికీ చెప్పకండి. పంచాయతీ స్థాయిలో ఇవ్వండి, అది నిలబడుతుంది.

కొనేవాడి దగ్గరికి ఏ ప్రశ్నతో వెళ్లాలన్నది దీని తర్వాత. ఐటీ విభాగాన్నీ, సీఎస్‌ఆర్ విభాగాన్నీ కలిస్తే ప్రెజెంటేషన్ విని మెచ్చుకుని పంపిస్తారు. కలవవలసింది సరుకు కొనే మనిషిని. జిన్నింగ్ మిల్లులో కొనుగోలు చూసేవాడు, కాగితం మిల్లులో ప్లాంటేషన్ విభాగం, జీడిలో పిక్కలు ఎత్తే వ్యాపారి. "మీరు ఏ నెలలో ఏ నిర్ణయం తీసుకుంటారు? అది తప్పితే ఎంత పోతుంది?" ఈ రెండే అడిగి, జవాబు రాసుకుని రండి. ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) అన్న మాట ఆ రోజు ఎత్తవద్దు.

పత్తిని తీసుకుందాం, ఎందుకంటే రాయగడ జిల్లాలో మొదటి ప్రయోగానికి అదే అనువైనది. గుణుపురం, బిస్సంకటక్ వైపు జూన్, జూలైలలో విత్తనం పడుతుంది, నవంబరు నుంచి తీత. మిల్లుకు కావలసింది ఏ పంచాయతీలో ఎన్ని ఎకరాలు పత్తి ఉంది, తీత ముందు ఎక్కడ మొదలవుతుంది అని. అది అక్టోబరు రెండో వారానికి చేతిలో ఉంటే లారీలు, కూలీలు, అడ్వాన్సుల సంగతి చూసుకుంటారు. డిసెంబరులో ఇస్తే దానికి విలువ లేదు, ఎంత అందమైన మ్యాపు అయినా.

ఇక్కడే మబ్బు అడ్డొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పు కనుమల మీద తేటగా ఉన్న సెంటినెల్-2 చిత్రం అరుదు. కాబట్టి వానాకాలమంతా సెంటినెల్-1 రాడార్ ఇచ్చే సంకేతాల్లో వీహెచ్ అనేదాని చిత్రాల వరసను పేర్చుకోండి. వరి మడిలో దమ్ము చేసి నీళ్లు పెట్టినప్పుడు రాడార్ ప్రతిధ్వని ఒక్కసారి పడిపోయి, నాట్లు ఎదిగేకొద్దీ లేస్తుంది. పత్తిలో ఆ పడిపోవడం కనబడదు. వరినీ పత్తినీ విడదీయడానికి ఇది చాలు. కష్టమంతా పత్తినీ మొక్కజొన్ననూ కందినీ విడదీయడంలో ఉంది. అక్టోబరులో వర్షాలు వెనక్కి తగ్గాక దొరికే ఒకటి రెండు తేట చిత్రాలు అక్కడ ఆదుకుంటాయి. మొక్కజొన్న అప్పటికి పండి ఎండుతుంటుంది, పత్తి పచ్చగా ఉంటుంది. కంది కలిపి వేసిన చేలు మాత్రం తప్పుతాయి, ఆ మాట ముందే చెప్పండి.

నేల మీద సేకరించే బిందువులే ఈ పనికి ఆధారం. ఒక్కో పంటకు కనీసం 60 నుంచి 100 చేలు కావాలి: పత్తి, వరి, మొక్కజొన్న, కంది, చోడి, బీడు, లేత నీలగిరి తోట. ఫోనులో జీపీఎస్ పెట్టి, గట్టు మీద నిలబడి కాకుండా చేను లోపలికి 20 మీటర్లు నడిచి బిందువు తీయండి. అంత లోపలికి వెళ్లలేని చేను ఈ పనికి చిన్నది, వదిలేయండి. తేదీ, ఫోటో, విత్తిన వారం, పక్క చేలో ఏముందో రాయండి. రోడ్డు పక్క చేలు మాత్రమే తీస్తే పల్లపు నేలలే వస్తాయి. కొండవాలు చేలు మ్యాపులో తప్పుతాయి, తప్పినట్టు మీకు తెలియదు కూడా.

ఈ బిందువుల్లో కొన్నిటితో పంటల్ని గుర్తించే మోడల్‌కు శిక్షణ ఇచ్చి, మిగతావాటితో పరీక్షిస్తారు. పరీక్షకు 30 శాతం బిందువులు పక్కన పెట్టేటప్పుడు ఊళ్లవారీగా పెట్టండి. అన్నిటినీ కలిపేసి యాదృచ్ఛికంగా ఏరితే ఒకే ఊరి పక్కపక్క చేలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడతాయి, ఖచ్చితత్వం 95 శాతమని వస్తుంది. అదే మోడల్‌ను కొండ అవతలి పంచాయతీలో పెడితే 70కి పడిపోవచ్చు. ఈ పనిలో ఎక్కువగా పరువు పోయేది ఇక్కడే.

విస్తీర్ణం చెప్పేటప్పుడు కూడా పిక్సెళ్లు లెక్కపెట్టి ఎకరాలు రాసేయకూడదు. ఉదాహరణకు ఒక బ్లాకులో 10,000 ఎకరాల సాగుభూమి, మ్యాపులో పత్తి 3,000 అని వచ్చిందనుకోండి. పరీక్ష బిందువుల్లో మ్యాపు పత్తి అన్నవాటిలో 20 శాతం పత్తి కాదు, పత్తి కాదన్న 7,000లో 5 శాతం నిజానికి పత్తి అని తేలింది. అప్పుడు లెక్క 2,400కు 350 కలిపితే 2,750. మిల్లుకు ఇవ్వవలసింది ఈ అంకె, దానితోపాటు ఎంత అటూ ఇటూ అన్న హద్దు. 250 ఎకరాల తేడా చిన్నదిగా కనబడవచ్చు, కొనేవాడికి అది కొన్ని లారీల సరుకు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన మూడు నాలుగు గోతులు ఉన్నాయి. మొదటిది 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. గుణుపురం దానికి పడమట, పర్లాకిమిడి, బరంపురం తూర్పున. మ్యాపు కొలతలకు వాడే యూటీఎం మండలాలు 44, 45 అక్కడే విడిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వవలసిన మండలం కోడ్ రాయగడకు ఈపీఎస్‌జీ 32644, బరంపురానికి 32645. సరిహద్దు దగ్గర ఒకే చేను రెండు మండలాల సెంటినెల్ టైళ్లలోనూ (చిత్రం ముక్కల్లోనూ) వస్తుంది. రెండూ కలిపేస్తే ఒకే రోజు చిత్రం రెండుసార్లు లెక్కలోకి వచ్చి సగటులు తప్పుతాయి. ఒక మండలాన్ని ఎంచుకుని ప్రాజెక్టు అంతా దాంట్లోనే నడపండి, టైళ్లను తేదీని బట్టి ఏరేయండి.

రెండోది కొండ నీడ. సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. నవంబరు, డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయాన కిందికి ఉంటాడు, వాయవ్యపు వాలులు నీడలో పడతాయి. మబ్బు పిక్సెళ్లను ఏరేసే మబ్బు ముసుగు వాటిని నీళ్లనో మబ్బు నీడనో అనుకుంటుంది. రాడార్‌కు ఇంకో బాధ ఉంది, ఉపగ్రహం వైపు తిరిగిన నిటారు వాలు ముడుచుకుపోయి మెరుస్తుంది, వెనక వాలు చీకటవుతుంది. భూమి ఎత్తుల నమూనాతో సవరించండి, సవరించినా బాగుపడని చోట్లను మ్యాపులో బూడిద రంగు వేసి "ఇక్కడ చెప్పలేం" అని రాయండి.

మూడోది పాత చిత్రాలతో పోల్చేటప్పుడు వస్తుంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. తీసేయకుండా 2021తో పోలిస్తే జిల్లా అంతటా పచ్చదనం ఒక్కసారిగా తగ్గినట్టు కనబడుతుంది, అడవి పోయిందని రిపోర్టు రాసేస్తారు. పాత చిత్రాల్ని మళ్లీ ప్రాసెస్ చేసి ఇస్తున్న సెట్లూ ఉన్నాయి కాబట్టి తేదీని కాకుండా ఫైలు లోపల ప్రాసెసింగ్ బేస్‌లైన్ సంఖ్యను చూడండి, 04.00 నుంచి ఈ మార్పు ఉంది.

ఇక పంచాయతీ పేర్లు. ఒకే పేరు ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో మూడు రకాలుగా ఉంటుంది. మిల్లు రిజిస్టరుతో కలపాలంటే పేరుతో కుదరదు, లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ వాడండి. ఒడిశా, ఆంధ్ర రెండూ తమవనే కోటియా వంటి వివాద గ్రామాల దగ్గర జిల్లా సరిహద్దు ఫైలును నమ్మి కత్తిరించకండి. కొనుగోలుదారుడు సరుకు ఎక్కడి నుంచి తెస్తాడో ఆ గీత గీసుకోండి.

కాగితం మిల్లు సంగతి వేరు. రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు రైతుల పొలాల్లో నీలగిరి, సరుగుడు, సుబాబుల్ పెంపకాన్ని ప్రోత్సహిస్తుంది. అలాంటి కొనుగోలుదారుడికి కావలసింది ఏ తోట ఏ వయసులో ఉంది, ఎక్కడ కొట్టేశారు అని. తోటల్ని గుర్తించడానికి మంచి కాలం మార్చి, ఏప్రిల్. ఆకురాల్చే అడవి అప్పుడు బోడిగా ఉంటుంది, నీలగిరి, సరుగుడు పచ్చగా నిలుస్తాయి. జీడిమామిడి, మామిడి కూడా పచ్చగానే ఉంటాయి, అవి కలవకుండా నేల బిందువులు కావాలి. ఇంకో మెలిక, నీలగిరిని కొట్టాక మోళ్ల నుంచి పిలకలు వస్తాయి, కొద్ది నెలల్లోనే పైనుంచి మళ్లీ పచ్చగా కనబడుతుంది. ఏడాదికి ఒక్క చిత్రం చూస్తే నరికివేత మీ కంట పడదు. వానాకాలంలో రాడార్, మిగతా కాలంలో నెలకొక మబ్బులేని కూర్పు పెట్టుకుని, నరికిన నెలను పట్టుకోండి. ఆ తేదీ నుంచి తోట వయసు లెక్క కట్టవచ్చు. గట్టు మీద ఒక వరస సరుగుడు మాత్రం 10 మీటర్లలో కనబడదు. ఎన్ని టన్నుల కర్ర అన్నది ఉపగ్రహం నుంచి నేరుగా చెప్పకండి. సెంటినెల్-1 తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లే, ఆకుల్లోనే ఆగిపోతుంది, తోట ముదిరాక తేడా చూపదు. టన్నులకు నేల మీద చెట్టు చుట్టుకొలత కొలిచిన నమూనా చెక్కలే ఆధారం.

తోటలున్న వాళ్లకు వేసవిలో నిప్పు హెచ్చరికలు కూడా ఇవ్వవచ్చు, విఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ పరికరం పట్టే నిప్పు బిందువులు కొద్ది గంటల్లో ఉచితంగా వస్తాయి. ఆ బిందువు వైశాల్యం 375 మీటర్లకు 375, దాదాపు 35 ఎకరాలు. పోడు కాల్చినా అదే చుక్క, తోట అంటుకున్నా అదే చుక్క. ఫోన్ చేసి కనుక్కునే మనిషి లేనిదే ఈ సేవ అమ్మకండి.

కోరాపుట్ కాఫీ ఎగుమతిదారులకు ఇప్పుడు నిజమైన అవసరం ఉంది. యూరోపియన్ యూనియన్ అడవుల నరికివేత నిబంధన కింద 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ, కలప, కాగితం అక్కడికి వెళ్లకూడదు. అమలు తేదీలు వాయిదా పడుతూ వచ్చినా కొనేవాళ్లు వివరాలు అడగడం ఆపలేదు. 4 హెక్టార్లు దాటిన తోటకు సరిహద్దు గీత ఇవ్వాలి, లోపు అయితే ఒక బిందువు చాలు, అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత 6 అంకెలతో. ఎక్సెల్‌లో ఆ అంకెలు గుండ్రమైపోవడం, అక్షాంశం రేఖాంశం తారుమారవడం రోజూ జరిగేవే. కోరాపుట్‌లో 18, 19తో మొదలయ్యేది అక్షాంశం, 82, 83తో మొదలయ్యేది రేఖాంశం అని ఒక తనిఖీ సూత్రం పెట్టుకోండి. అసలు కష్టం పోడుది. కొన్నేళ్లు బీడు వదిలి మళ్లీ కొట్టిన పోడు చెక్క ఆటోమేటిక్ మ్యాపుల్లో అడవి నరికినట్టే వస్తుంది. 2020కి ముందు పదేళ్ల ల్యాండ్‌శాట్ వరస చూపించి అది సాగు చక్రంలో ఉన్న నేల అని ఆధారాలతో పెట్టగలిగితే ఒక గిరిజన రైతు సరుకు తిరస్కారం కాకుండా నిలుస్తుంది. ఈ పనిని తక్కువ ధరకు తేలికగా చేసేయకండి, దాని మీద ఒక కుటుంబం ఏడాది ఆదాయం ఉంటుంది.

రొయ్యలకు చెప్పగలిగింది కొంచెమే. గంజాం తీరంలో ఏ చెరువు ఎప్పుడు నింపారో రాడార్ చెబుతుంది. వనామీ రకం రొయ్యకు పట్టుబడి 100 నుంచి 120 రోజులకు అనుకుంటే ప్రాసెసింగ్ ప్లాంటుకు సరుకు వచ్చే వారాల అంచనా వస్తుంది. ఎంత పిల్ల వేశారో, జబ్బు వచ్చిందో చెప్పలేం. జీడిలో తుపాను నష్టం అంచనా పనికొస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతిని కూడా దెబ్బతీసింది. అలాంటప్పుడు ముందు తోటల మ్యాపు సిద్ధంగా ఉన్నవాడే మొదటి వారంలో ఏదైనా చెప్పగలడు. పంటల బీమా వైపు వెళ్లాలంటే ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడికి సాంకేతిక అంచనాకు కనీసం 30 శాతం బరువు ఇస్తున్నారని తెలుసుకోండి. ఆ పనులు పెద్ద సంస్థలకే దక్కుతాయి, నేల కొలతల ఉప కాంట్రాక్టు మీరు తీసుకోవచ్చు.

డేటా కొనే రోజు ఎప్పుడు వస్తుంది? కొనుగోలుదారుడి ప్రశ్న 10 మీటర్లలో తేలదని నేల లెక్కలతో రుజువైనప్పుడు. చిన్న చేల హద్దులు గీయాలంటే అర మీటరు చిత్రం ఒక్కసారి కొనండి. వారంవారం మార్పు కావాలంటే ప్లానెట్ వాళ్ల 3 మీటర్ల రోజువారీ చిత్రాలు. బేరం ఆడేటప్పుడు ధర కంటే ముందు ఇవి అడగండి: పాత నిల్వ చిత్రమా కొత్తగా తీయిస్తారా, కనీస విస్తీర్ణం ఎంత, మబ్బు ఎంత శాతం దాటితే డబ్బు వాపసు, ఆ శాతం మొత్తం చిత్రానికా నేను గీసిన హద్దుకా, ఉపగ్రహం ఎంత వాలుగా చూసి తీసింది. కొండల్లో 20 డిగ్రీలు దాటితే చేలు పక్కకు జరుగుతాయి. అన్నిటికంటే ముఖ్యం లైసెన్సు, చిత్రం నుంచి మీరు గీసిన హద్దుల మ్యాపును మిల్లుకు అమ్ముకోవచ్చో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ డేటా అయితే మన అంతరిక్ష రంగ అనుమతుల సంస్థ ఇన్-స్పేస్ అనుమతి ఉన్న పంపిణీదారు ద్వారానే తీసుకోండి. ఒడిశా ప్రభుత్వ ఉపగ్రహ చిత్రాల కేంద్రం, భువనేశ్వర్ ఒర్సాక్‌లో ముందే ఉన్న మ్యాపు పొరలు ఏమిటో కూడా కనుక్కోండి, ఉన్నదాన్ని మళ్లీ గీయడం వృథా.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, చేను హద్దులు కలిపి ఉంచుతున్నారంటే 2023 వ్యక్తిగత డేటా చట్టం మీకు వర్తిస్తుందనుకునే నడుచుకోండి. ఎందుకు తీసుకుంటున్నారో వాళ్ల భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. మిల్లుకు ఇచ్చే కాగితంలో పేర్లు ఉండకూడదు. ఏ రైతు చేతిలో సరుకు ఎంత ఉందో కొనేవాడికి ముందే తెలిస్తే ధర ఎటు పోతుందో మీకు తెలుసు. పంచాయతీ మొత్తాలే ఇవ్వండి, అదే లెక్క రైతు సంఘానికీ ఇవ్వండి.

ఎంత అడగాలంటే, నెల జీతం లెక్కన వద్దు, సీజను లెక్కన మాట్లాడండి. నేల బిందువులకు పట్టే రోజులు, బండి పెట్రోలు, ఊరి మనిషికి ఇచ్చే కూలి, లైసెన్సులు, మీ రోజులు కూడి, సగం ముందు, మిగతా సగం కోత తర్వాత మిల్లు గేటు లెక్కతో పోల్చి చూపించాక తీసుకోండి. ఇచ్చేది వాట్సాప్‌లో తెరుచుకునే ఒక పేజీ: పంచాయతీ, ఎకరాలు, అటూ ఇటూ హద్దు, తీత మొదలయ్యే వారం. మ్యాపు వెనక పేజీలో ఉంచండి.

నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని ఎల్ బ్యాండ్ తరంగం సుమారు 24 సెంటీమీటర్లు, ఆకుల్ని దాటి కొమ్మలు, మానుల దాకా వెళ్తుంది కాబట్టి నీలగిరి తోటల కర్ర అంచనాకు సెంటినెల్-1 కంటే బాగా పనికొస్తుంది, అదీ 12 రోజులకోసారి. దాని కోసం ఆగవద్దు. ఈ మార్చి నుంచే ఒక 40 నీలగిరి చెక్కలు ఎంచుకుని, ఒక్కోదాంట్లో 10 మీటర్లకు 10 మీటర్లు తాడు కట్టి, అందులోని ప్రతి చెట్టు ఛాతీ ఎత్తు చుట్టుకొలత, నాటిన నెల, జాతి, క్లోన్ నంబరు రాసి పెట్టుకోండి. ఆ కొలతలు ఉంటే నైసార్ చిత్రాలు చేతికొచ్చిన వారంలోనే మిల్లుకు చూపించగలరు.